సమ్మర్ టైరా, ఆల్ సీజన్ టైరా?



అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అని ఒక ఊరుంది. షెవ్రొలే వాళ్ళ కార్వెట్ కారు తయారయ్యేది అక్కడే. 2020 మోడల్‌తో ఆ కారు తీరే మారిపోయింది. ముందున్న ఇంజను డ్రైవరు వీపు వెనక్కి చేరింది. 490 హార్స్‌పవర్. ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఇంజను. అయినా ఆ గేటు దాటే కార్లన్నీ ఒకే రకం టైర్ల మీద బయటికి రావు. ఆ కారులో స్టింగ్‌రే అనే మామూలు రకం కొన్నవారికి మిషెలిన్ కంపెనీ ఆల్ సీజన్ టైర్లు వస్తాయి. జడ్51 అనే ప్యాకేజీకి అదనంగా డబ్బు కట్టినవారికి పెద్ద బ్రేకులు, గట్టి సస్పెన్షన్‌తో పాటు అదే మిషెలిన్ వాళ్ళ సమ్మర్ టైర్లు వస్తాయి.

ఇంత వేగంగా పోయే కారుని తయారుచేసినవాళ్ళే "దీనికి ఇదొక్కటే సరైన టైరు" అని తేల్చి చెప్పలేదు. కొనేవాడికే వదిలేశారు. ఎందుకంటే దానికి జవాబు కారులో లేదు. ఆ కారు ఏ ఊళ్ళో తిరుగుతుంది, ఏ నెలల్లో తిరుగుతుంది, ఎంత చల్లటి ఉదయం దాన్ని బయటికి తీస్తారు అన్నదాంట్లో ఉంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే. టైరుని కారుని చూసి కాదు, థర్మామీటరుని చూసి ఎంచుకోవాలి.

న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో, షికాగోలోనో ఉంటున్న మన తెలుగువాళ్ళలో ఈ మధ్య మస్టాంగులు, బీఎండబ్ల్యూ ఎం కార్లు, టెస్లా పెర్ఫార్మెన్స్ మోడళ్ళు కొంటున్నవారు చాలామందే ఉన్నారు. రంగు గురించి నెల రోజులు ఆలోచిస్తారు. చక్రాల డిజైను గురించి ఇంట్లో పెద్ద చర్చే నడుస్తుంది. ఆ చక్రాలకి తొడిగిన రబ్బరు ఏ రకమని అడిగితే మాత్రం ఎక్కువమందికి తెలియదు. డిసెంబరు దాకా తెలియాల్సిన అవసరం కూడా రాదు.

ముందు రబ్బరు సంగతి చూద్దాం.

బెల్లం పాకం పట్టడం మీకు తెలుసు కదా. వేడి మీద ఉన్నప్పుడు తీగలా సాగుతుంది, చల్లారితే పెళుసెక్కి విరుగుతుంది. టైరు రబ్బరుది కూడా ఇంచుమించు ఇదే స్వభావం. రోడ్డు మన కంటికి నున్నగా కనిపించినా, దగ్గరగా చూస్తే అంతా చిన్న చిన్న ఎత్తుపల్లాలే. మెత్తటి రబ్బరు ఆ పల్లాల్లోకి దిగి, వాటి ఆకారానికి ఒదిగి, జారకుండా పట్టుకుంటుంది. పట్టు పుట్టేది అక్కడే. చలి పెరిగేకొద్దీ రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులు కదలిక తగ్గి బిగుసుకుంటాయి. ఇక రబ్బరు పల్లాల్లోకి దిగదు, పైపైన జారుతుంది.

ఈ బిగుసుకోవడం ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలవ్వాలో నిర్ణయించేది టైరు తయారుచేసే రసాయన శాస్త్రజ్ఞులే. ఏ రకం రబ్బరు కలపాలి, సిలికా ఎంత వేయాలి, రెజిన్లు, నూనెలు ఎంత పోయాలి అన్నదాన్ని బట్టి అది మారుతుంది. సమ్మర్ టైరుని ఎండల్లో, వేడెక్కిన తారు మీద గట్టిగా పట్టుకునేలా చేస్తారు. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే, గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి, అంటే సుమారు 4, 5 డిగ్రీల సెంటీగ్రేడ్‌కి దిగేసరికి అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఆల్ సీజన్ టైరు రబ్బరు అంతకంటే కింది ఉష్ణోగ్రతల్లో కూడా కొంత మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం కోసం ఎండాకాలపు పట్టులో కొంత వదులుకుంటుంది. చలికీ ఎండకీ సమానంగా గొప్పగా పనిచేసే రబ్బరు ఇంతవరకు రాలేదు.

ఇక టైరు మీద చెక్కిన నమూనా. సమ్మర్ టైరు మీద పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలుంటాయి. వాటి మధ్య చుట్టూరా వెడల్పాటి గాడులుంటాయి. మలుపులో కారు బరువంతా పక్కకి తోసుకొచ్చినా ఆ దిమ్మెలు వంగవు. స్టీరింగు తిప్పీ తిప్పగానే కారు తిరుగుతుంది. ఆల్ సీజన్ టైరు దిమ్మెల మీద కత్తితో గాట్లు పెట్టినట్టు సన్నటి చీలికలు ఎన్నో ఉంటాయి. వాటిని సైపులంటారు. మంచు మీద ఆ చీలికల అంచులు కరుచుకుంటాయి. లోపల ఇరుక్కున్న మంచు బయటి మంచుని పట్టుకుంటుంది. ఎండాకాలంలో పొడి రోడ్డు మీద గట్టిగా తోలితే మాత్రం అవే చీలికలు దిమ్మెని బలహీనపరుస్తాయి. అది అటూ ఇటూ ఊగుతుంది, వేడెక్కుతుంది, అంచులు త్వరగా అరుగుతాయి.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. వాన పడితే సమ్మర్ టైరు జారుతుంది, ఆల్ సీజనే నయం అనుకుంటారు. వాతావరణం వెచ్చగా ఉన్నంతకాలం ఇది తలకిందులు. మంచి కంపెనీ సమ్మర్ టైరు వానలో కూడా ఆల్ సీజన్ కంటే తక్కువ దూరంలో ఆగుతుంది. దాని రబ్బరులోని సిలికా తడిసిన రోడ్డు మీదే తన ప్రతాపం చూపిస్తుంది. వెడల్పాటి గాడులు నీళ్ళని పక్కకి తోసేస్తాయి. కాబట్టి హ్యూస్టన్‌లో వానలెక్కువని ఆల్ సీజన్ తీసుకోనవసరం లేదు. ఈ రెండు టైర్లనీ విడదీసేది వాన కాదు, చలి. అయితే ఏ టైరైనా అరిగి గాడుల లోతు తగ్గితే నీళ్ళ మీద తేలిపోతుంది. అది వేరే సంగతి.

సరే, ఆల్ సీజన్ తీసుకుంటే ఎండాకాలంలో పోయేదెంత? చిన్న లెక్క చెబుతాను. గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్న కారు చాలా మంచి పట్టున్న టైర్ల మీద సుమారు 120 అడుగుల్లో ఆగుతుందనుకుందాం. పట్టు పదో వంతు తగ్గితే ఆగడానికి 133 అడుగులు కావాలి. పదమూడు అడుగులే కదా అనిపిస్తుంది. కానీ మొదటి కారు పూర్తిగా ఆగిపోయిన చోటికి వచ్చేసరికి రెండో కారు ఇంకా గంటకు 19 మైళ్ళ వేగంతో కదులుతూనే ఉంటుంది. ముందు ఒక ట్రక్కు ఆగి ఉంటే, మొదటి డ్రైవరు ఊపిరి పీల్చుకుంటాడు, రెండోవాడు ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను చేస్తాడు. పట్టు తేడా మనకి రోజూ తెలియదు. తెలిసే రోజున ఇలా తెలుస్తుంది.

ఇప్పుడు రెండో వైపు. సమ్మర్ టైర్లతో శీతాకాలంలోకి వెళ్ళినవాళ్ళ సంగతి.

మంచు పడితే బయటికి తీయం కదా అంటారు. ప్రమాదం మంచుతోనే మొదలవదు. జనవరిలో ఒక పొడి ఉదయం. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, రోడ్డు మీద చుక్క తడి ఉండదు. ఉష్ణోగ్రత మాత్రం 25 ఫారెన్‌హీట్. రాత్రంతా డ్రైవ్‌వేలో నిలబడిన కారుని తీసి, నాలుగు వీధులు దాటి, హైవే ర్యాంపు మలుపులో కాస్త యాక్సిలరేటరు నొక్కుతారు. వెనక చక్రాలు అక్కడ పక్కకి పోతాయి. నడుస్తుంటే టైర్లు వేడెక్కవా అంటే, కొంత వేడెక్కుతాయి. కానీ గడ్డకట్టే గాలీ, చల్లటి తారూ ఆ వేడిని వచ్చింది వచ్చినట్టే లాగేసుకుంటాయి. ఇక మంచు పడిందంటే సమ్మర్ టైరు మీద చిన్నపాటి ఎత్తు ఎక్కడం కూడా కష్టమే.

ఇంకా తీవ్రమైన విషయం ఒకటుంది. సుమారు 20 ఫారెన్‌హీట్ కంటే, అంటే సున్నాకి కింద 7 డిగ్రీల సెంటీగ్రేడ్ కంటే చల్లగా ఉన్నప్పుడు కొన్ని సమ్మర్ టైర్ల ట్రెడ్, అంటే రోడ్డుని తాకే పై పొర రబ్బరు, పగిలే ప్రమాదముంది. అంత చలిలో కారుని కదపవద్దనీ, టైర్లని నిలవ కూడా ఉంచవద్దనీ తయారీదారులే హెచ్చరిస్తారు. అలా పగిలితే వారంటీ వర్తించదు. ఈ మాట కాగితాల్లో ఉంటుంది. డీలరు దగ్గర సంతకాలు పెట్టే హడావిడిలో ఎవరూ చదవరు.

"మాది ఆల్ వీల్ డ్రైవ్ కదండీ" అనే మాట తరచుగా వినిపిస్తుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందితే కారు బయలుదేరడం తేలికవుతుంది. ఆగడం తేలికవదు. ఏ కారుకైనా బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉండనే ఉంటాయి. ఆగేటప్పుడు పనిచేసేది రబ్బరు పట్టు ఒక్కటే. పైగా ఆల్ వీల్ డ్రైవ్ వల్ల కారు సులువుగా వేగం అందుకుంటుంది కనుక రోడ్డు ఎంత జారుతోందో డ్రైవరుకి ఆలస్యంగా తెలుస్తుంది.

ఆల్ సీజన్ అన్నంత మాత్రాన అన్ని కాలాలకీ పూచీ ఉందనుకోకండి. టైరు పక్కగోడ మీద ఎం ప్లస్ ఎస్ అనే గుర్తు ఉంటే, అది బురదకీ మంచుకీ తగిన నమూనా అని అర్థం. ఆ గుర్తు ట్రెడ్‌లో ఖాళీ జాగా ఎంతుందన్న కొలతని బట్టి వేసేది. దానికోసం మంచు మీద నడిపి చూడాలన్న నియమం లేదు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య ఒక మంచు రేకు ఉన్న బొమ్మ వేరు. అది ఉంటే ఆ టైరుని మంచు మీద పరీక్షించి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, మెరుగని తేలాకే గుర్తు వేశారని అర్థం. అందులో కూడా చూసేది ముఖ్యంగా ముందుకి లాగే శక్తినే. గడ్డకట్టిన మంచు మీద బ్రేకు వేసినప్పుడు ఏమవుతుందో ఆ బొమ్మ చెప్పదు.

చట్టాలు ఈ గుర్తుల్నే చూస్తాయి. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కారుకి వింటర్ టైర్లు తప్పనిసరి. కాలిఫోర్నియాలో బే ఏరియా నుంచి లేక్ టాహో వెళ్ళే దారిలో మంచు పడి ఆర్2 నిబంధన పెడితే, నాలుగు చక్రాలకీ మంచు ట్రెడ్ ఉన్న ఆల్ వీల్ డ్రైవ్ కార్లని మాత్రమే చక్రాలకి గొలుసులు తగిలించకుండా వదులుతారు. సమ్మర్ టైర్ల మీద వెళ్ళిన ఆల్ వీల్ డ్రైవ్ టెస్లాకి ఆ మినహాయింపు దొరకదు.

పక్కగోడ మీద ఇంకో మూడు విషయాలు చదవచ్చు. ట్రెడ్‌వేర్ అనే అంకె, ట్రాక్షన్ అనే అక్షరం, టెంపరేచర్ అనే అక్షరం. ఇది అమెరికా ప్రభుత్వం పెట్టిన పద్ధతి. మన పోలికకి కావలసింది మొదటిది. ట్రెడ్‌వేర్ పరీక్షకి పశ్చిమ టెక్సస్ రోడ్ల మీద టైర్లని 7,200 మైళ్ళు నడిపిస్తారు. ప్రామాణిక టైరుకి 100 అనుకుంటే, 300 అని రాసి ఉన్న టైరు దానికి మూడు రెట్లు మన్నుతుందని అంచనా. ఆ అంకె వేసుకునేది కంపెనీ వాళ్ళే కనుక, ఒకే కంపెనీ టైర్లని పోల్చుకోవడానికే అది బాగా పనికొస్తుంది.

పోల్చి చూద్దాం. మిషెలిన్ సమ్మర్ టైరు పైలట్ స్పోర్ట్ 4ఎస్ ట్రెడ్‌వేర్ 300, మైలేజీ వారంటీ 30,000 మైళ్ళు. అదే కంపెనీ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 ట్రెడ్‌వేర్ 540, వారంటీ 45,000 మైళ్ళు. కాంటినెంటల్ వాళ్ళ ఆల్ సీజన్ టైరు ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్06 ప్లస్‌కి 50,000 మైళ్ళు. ఆ టైరులో ఒక ముచ్చటైన ఏర్పాటుంది. ట్రెడ్ మీద డీ, డబ్ల్యూ, ఎస్ అనే మూడు అక్షరాలు చెక్కి ఉంటాయి. ఎస్ అరిగిపోతే ఇక మంచుకి పనికిరాదనీ, డబ్ల్యూ కూడా పోతే వానకి పనికిరాదనీ తెలుసుకోవాలి.

వారంటీ లెక్కల్లో ఒక మెలిక ఉంది. ఈ కార్లలో చాలావాటికి వెనక టైరు ముందు టైరు కంటే వెడల్పు. కార్వెట్‌కి ముందు 245, వెనక 305 మిల్లీమీటర్లు. అలాంటప్పుడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదలని సమం చేయడం కుదరదు. అందుకని చాలా కంపెనీలు వెనక టైర్లకి మైలేజీ వారంటీని సగానికి కోసేస్తాయి. కారుతో పాటు వచ్చిన టైర్లకైతే తరచుగా మైలేజీ వారంటీయే ఉండదు. కాబట్టి బ్రోషరులో ఉన్న అంకెని చూసి మీ బడ్జెట్ వేసుకోకండి.

ఇంతకీ మీకు ఏది? ఊరూరా చూద్దాం.

బే ఏరియాలో, దక్షిణ కాలిఫోర్నియాలో, ఫీనిక్స్‌లో ఉంటూ మంచు కొండలకి వేరే కారులో వెళ్ళేవారైతే, ఏడాది పొడుగునా సమ్మర్ టైర్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం శ్రోతలకైతే ఈ సమస్యే లేదు. చలి ఎంత వణికించినా అక్కడ సమ్మర్ టైరు బిగుసుకునేంత చలి రాదు. మన్యంలో లంబసింగి లాంటి చోట్ల తెల్లవారుజామున తప్ప.

డాలస్, అట్లాంటా వాళ్ళది మధ్యస్థం. అక్కడ శీతాకాలపు ఉదయాలు చాలావరకు 40 ఫారెన్‌హీట్‌కి అటూ ఇటూ ఊగిసలాడతాయి. మధ్యాహ్నానికి మళ్ళీ వెచ్చబడుతుంది. ఇంట్లో రెండో కారు ఉండి, చలిగాలుల వారం ఈ కారుని గరాజులో ఉంచగలిగితే సమ్మర్ టైర్లు సరిపోతాయి. ఉన్నది ఈ ఒక్క కారే, దాని మీదే పొద్దున ఏడింటికి ఆఫీసుకి వెళ్ళాలి అంటే ఆల్ సీజన్ మేలు. అయితే ఆల్ సీజన్ వేశాం కదా అని ధీమా పనికిరాదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకి కింద 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది. అంతకు అయిదు రోజుల ముందు ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద, రోడ్డు పైన పల్చటి మంచు పొర గడ్డకట్టి, 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అలాంటి గాజు పొర మీద మామూలు టైరేదీ కాపాడదు. ఆ పూట ఇంట్లో ఉండడమే మంచి నిర్ణయం.

న్యూజెర్సీ, షికాగో, డెట్రాయిట్, బోస్టన్, టొరంటో వాళ్ళకి నా సలహా వేరు. అక్కడ చలి నాలుగైదు నెలలు. ఒక్క ఆల్ సీజన్ సెట్టుతో నెట్టుకొస్తే ఎండాకాలంలో కారు సత్తా సగం తెలియదు, శీతాకాలంలో భద్రత అరకొర. చోటు ఉంటే రెండు సెట్లు పెట్టుకోండి. వెచ్చటి నెలల్లో సమ్మర్, చలి నెలల్లో అసలైన వింటర్ టైర్లు. ఖర్చు రెట్టింపు కదా అంటారు. మొదటి ఏడాది రెట్టింపే. కానీ ఒక సెట్టు నడుస్తున్నప్పుడు రెండోది అరగదు. రెండూ కలిసి ఎక్కువ ఏళ్ళు వస్తాయి. కొన్నేళ్ళ లెక్కలో అదనంగా పడేది వింటర్ టైర్లకి వేరే రిమ్ముల ఖర్చు, ఏడాదికి రెండుసార్లు మార్చే కూలీ. అపార్ట్‌మెంటులో చోటు లేనివారికి టైర్లు దాచిపెట్టే షాపులు కూడా ఉన్నాయి. మూడేళ్ళ లీజు మీద తీసుకుని, ఏడాదికి పదివేల మైళ్ళు కూడా తిరగనివారికి ఇంత తాపత్రయం వద్దనిపిస్తే, మంచి రకం ఆల్ సీజనే తీసుకుని, మంచు పడిన రోజు ఆగిపోవడం తప్పేమీ కాదు.

ఏది ఎంచుకున్నా మూడు జాగ్రత్తలు మాత్రం మరిచిపోకండి.

మొదటిది, నాలుగు టైర్లూ ఒకే రకం వేయండి. ముందు ఆల్ సీజన్, వెనక సమ్మర్ పెట్టుకుంటే చలిలో వెనక భాగం ముందుగా జారి, కారు బొంగరంలా తిరిగిపోతుంది.

రెండోది గాలి. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఇంచుమించు 1 పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 75 డిగ్రీల ఎండలో 35 పీఎస్ఐ నింపిన టైరు, జనవరిలో 15 డిగ్రీల చలికి 29 దగ్గరికి దిగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగలేదు కదా అనుకోవద్దు. ఆ దీపం 25 శాతం తగ్గాక తప్పనిసరిగా వెలగాలన్నదే చట్టం. 35కి అది 26 దగ్గర. అప్పటిదాకా అది ఊరుకున్నా మీరు ఊరుకోకూడదు.

మూడోది లోతు. చాలా రాష్ట్రాల్లో అంగుళంలో 32వ వంతులు రెండు మిగిలేదాకా టైరు నడపవచ్చని చట్టం. వానకి అది చాలదు. క్వార్టర్ నాణేన్ని తలకిందులుగా గాడిలో పెట్టి చూడండి. జార్జ్ వాషింగ్టన్ తల పైభాగం పూర్తిగా కనిపిస్తుంటే లోతు నాలుగు వంతుల కంటే తగ్గినట్టు. కొత్త టైర్ల కోసం చూడాల్సిన సమయం అదే.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. ఈ రోజే మీ కారు దగ్గర కూర్చుని టైరు పక్కగోడ చదవండి. ఎం ప్లస్ ఎస్ ఉందా, కొండ బొమ్మ ఉందా, రెండూ లేవా చూడండి. రెండూ లేకపోతే అది దాదాపుగా సమ్మర్ టైరే. తర్వాత మీ ఊళ్ళో కిందటి జనవరిలో పొద్దున ఏడు గంటలకి ఎంత చలి ఉందో చూడండి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే, టైర్ల షాపులో కౌంటరు వెనక ఉన్నతను ఏది అంటగట్టబోయినా, మీకేది కావాలో మీరే అతనికి చెప్పగలుగుతారు.